గేటు దగ్గర వేసిన కుర్చీ

ఆల్మటీ,
4 మార్చి 2025

మావయ్యకి,

క్షేమంగా చేరాను. మీరు పెట్టిన షరతు ప్రకారమే కాగితం మీద తెలుగులో రాసి, ఫొటో తీసి పంపుతున్నాను. ఫోన్‌లో మాట్లాడితే మీకు కోపం వస్తుందన్నారు, టైపు చేసిన తెలుగు మీకు ఎక్కదన్నారు. నాకూ ఇదే నయం. నేను బయల్దేరే ముందు మన ఇద్దరి అరుపులకి కింది ఫ్లాట్ ఆంటీ ఇంటర్‌కామ్ చేసి "సబ్ ఠీక్ హై?" అని అడిగింది, గుర్తుందా? ఆరేళ్లు ఇందిరాపురంలో మీ ఇంట్లో ఉండి, రోజూ ఢిల్లీ దాటి గురుగ్రామ్ ఉద్యోగానికి వెళ్లొచ్చినదాన్ని, చివరి రోజున "ఇది మీ ఎయిర్‌ఫోర్స్ యూనిట్ కాదు, నా జీవితం" అన్నాను. అనకుండా ఉండాల్సింది. విమానం ఎక్కేదాకా ఆ మాటే గుచ్చుకుంటూ ఉంది.

"ఉద్యోగం లేకుండా ఏడాది పాటు దేశాల వెంట ఎలా తిరుగుతావో నేనూ చూస్తాను" అన్నారుగా, చూడండి మరి. మొదటి సంగతి సంచి. ఏడు కిలోలు దాటకూడదు. అత్తయ్య పెట్టిన ఆవకాయ సీసాతో ఎనిమిదైంది, కాబట్టి ఒక జీన్స్ ఢిల్లీ ఎయిర్‌పోర్టులోనే వదిలేశాను. బ్యాంకు కార్డులు రెండూ ఒకే చోట పెట్టకూడదు, ఒకటి పర్సులో, ఒకటి సబ్బు డబ్బాలో. ఏ దేశానికి వెళ్లినా అక్కడి నుంచి బయటికెళ్లే టికెట్టు చేతిలో ఉండాలి, లేకపోతే ఇమిగ్రేషన్ వాళ్లు నిలబెట్టేస్తారు. విమానం కంటే రైలు, హోటల్ కంటే హాస్టల్. హాస్టల్లో కింది బెర్తు దొరక్కపోతే దుప్పటి చంకన పెట్టుకుని నిచ్చెన మీద పైకెక్కడం నేర్చుకోవాలి, నిన్న నా తల రెండుసార్లు సీలింగుకు కొట్టుకుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది. కొన్ని ఊళ్లలో పని చేసిపెడితే మంచం, తిండి ఇస్తారు. ఇంగ్లీషు చెప్పడమో, వంట చేయడమో, గెస్ట్‌హౌస్‌లో పక్కలు మార్చడమో. కొందరు ఏమీ తీసుకోకుండా ఇంట్లో ఉంచుకుంటారు. దానికి బదులు వాళ్లు మన ఊరు వచ్చినప్పుడు మనం ఉంచుకోవాలి. వచ్చే వారం ఉజ్బెకిస్తాన్, బుఖారాలో అలాంటి ఇల్లు ఒకటి దొరికింది.

కోపం తగ్గిందని ఒక్క ముక్క రాయండి.

మీ మేనకోడలు,
శరణ్య

*

ఇందిరాపురం,
10 మార్చి 2025

చిరంజీవి శరణ్యకి,

కోపం తగ్గలేదు. అయినా ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ అత్తయ్య సీత మూడుసార్లు చదివి, జీన్స్ వదిలేసి ఆవకాయ ఉంచుకున్నందుకు తెగ మురిసిపోయింది.

నువ్వు రాసిన చిట్కాలు బాగానే ఉన్నాయి గానీ, ఇంకొకళ్ల ఇంట్లో ఊరికే పడుకోవడం ఏమిటమ్మా? ముప్పై ఏళ్లు ఎయిర్‌ఫోర్స్‌లో దేశమంతా తిరిగాను, ఒక్కరి ఇంట్లో ఊరికే ఒక పూట తిన్న పాపాన పోలేదు. తినబెట్టడం వేరు. వీసా ఇంటర్వ్యూలకని, పరీక్షలకని, ఎయిమ్స్‌లో చూపించుకోవడానికని మన జిల్లా సగం మా హాల్లో చాపల మీద పడుకుని వెళ్లింది. అది మర్యాద. నువ్వు చేసేదానికి ఏం పేరు పెట్టాలో నాకు తెలియడం లేదు.

నిన్న అశోకా రోడ్డులో మన తెలుగు క్యాంటీన్‌లో భోజనానికి కలిశాం, పాత సర్వీసు స్నేహితులం. గోవిందరాజులు అన్నం కలుపుతూ, "మీ మేనకోడలు కనపడట్లేదేంటండీ, పెళ్లేవన్నా కుదిరిందా?" అన్నాడు. పదిమందీ చూస్తున్నారు. ఉద్యోగం మానేసి హాస్టల్ పైబెర్తులో పడుకుంటోందని ఎలా చెప్పను? "కంపెనీ వాళ్లు డిప్యుటేషన్ మీద విదేశాలకి పంపారు" అన్నాను. "వాహ్!" అన్నారు అందరూ. మా అపార్టుమెంట్ల సంఘంలోనూ అదే చెప్పాను. సెక్రటరీని కదా, అడిగేవాళ్లు ఎక్కువ. ఎవరైనా ఫోన్ చేస్తే నువ్వూ అదే చెప్పు. అబద్ధం నాకు కొత్త, నీ వల్ల అలవాటవుతోంది.

నీళ్లు కాచుకుని తాగు.

మావయ్య,
హేమసుందర్

*

దుషాంబే, తజికిస్తాన్,
13 ఏప్రిల్ 2025

మావయ్యకి,

నెల దాటినా ఉత్తరం లేదని అత్తయ్య పెట్టిన మెసేజీలు చూశాను. బుఖారాలో వైఫై సరిగ్గా లేదు, బద్ధకం కూడా. క్షమించండి.

ఈ విడత చిట్కా ఒకటే. ఊళ్లు మారుతూ పరుగులు పెడితే ఖర్చు, ఒక చోట పాతుకుపోతే చవక. నేను బుఖారాలో జుల్ఫియా ఓపా ఇంట్లో ఇరవై ఐదు రోజులు పాతుకుపోయాను. ఓపా అంటే వాళ్ల భాషలో అక్క. బళ్లో లెక్కలు చెప్పి రిటైరైంది, ఒక్కతే ఉంటుంది. ఇంగ్లీషు చెప్తానని ఒప్పుకుని వెళ్లినదాన్ని, ఒక్క పాఠం కూడా చెప్పలేదు. ఊరికే తిని పడుకున్నాను. ఆవిడ వండి పెట్టడం, నేను తినడం. మహారాణీ భోగం.

ఇంకో సంగతి. ఓపా మే నెలలో మోకాలి ఆపరేషన్‌కి ఢిల్లీ వస్తోంది, చెల్లెలు తోడు. అక్కడివాళ్లు చాలామంది మన ఆస్పత్రులకే వస్తారు. ఆపరేషన్‌కి ముందు వారం రోజులు, తర్వాత రెండు వారాలు ఎక్కడో ఒక చోట ఉండాలి. మన ఇంటి అడ్రస్ రాసిచ్చాను. "మా ఇల్లే, తిన్నగా వెళ్లిపోండి, మా మావయ్య ఉన్నారు" అని చెప్పాను. నా గది ఖాళీయేగా. ముందు మిమ్మల్ని అడగాల్సింది, అడగలేదు. ఏమీ అనుకోకండి.

మీ శరణ్య

*

ఇందిరాపురం,
20 ఏప్రిల్ 2025

శరణ్యకి,

ఇరవై ఐదు రోజులు! చదివి నాకు తల కొట్టేసినట్టయింది. మోకాళ్ల నొప్పులతో ఉన్న పెద్దావిడ వండి పెడుతుంటే నువ్వు పడుకుని తిన్నావా? పైగా దాన్ని చిట్కా అని రాస్తావా? మీ అమ్మకి ఈ ఉత్తరం చూపించలేదు. నిన్ను పెంచిన తీరు ఇదా అని ఆ దేశంలో అనుకుంటే అది ఒక్క నీకు తగలదు, మా అందరికీ తగులుతుంది.

ఆవిడ రావడం సంగతి వచ్చినప్పుడు చూద్దాం.

హేమసుందర్

*

ఖొరోగ్, తజికిస్తాన్,
2 మే 2025

మావయ్యకి,

మీ కోపం అందింది. దానికి జవాబు ఎప్పుడైనా ఎదురుగా కూర్చుని చెప్తాను, కాగితం మీద కుదరదు. మీరు "చూద్దాం" అన్నారంటే ఒప్పుకున్నట్టేనని అత్తయ్య ఎప్పుడూ అంటుంది, అందుకని ఓపాకి అలాగే చెప్పేశాను. పదిహేనో తారీఖున దిగుతోంది. రేపటి నుంచి నేను పామీర్ కొండల్లోకి, అక్కడ సిగ్నల్ ఉండదు. నెలాఖరుకి కిందికి వస్తాను. ఓపాకి తీపి టీ పెట్టకండి, పాలు కలపకండి, ఉత్త గ్రీన్ టీ చాలు. చాలా థాంక్స్ మావయ్యా.

శరణ్య

*

ఇందిరాపురం,
19 మే 2025

శరణ్యకి,

మీ ఓపా వచ్చింది. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పదిహేనో తారీఖు మధ్యాహ్నం గేటు నుంచి ఫోన్. "సర్, దో విదేశీ లేడీస్ ఆయీ హైఁ, ఆప్కా నామ్ లే రహీ హైఁ" అన్నాడు గార్డు, నా పేరు చెప్పి వచ్చారని. సీత ద్వారకలో వాళ్ల అక్క దగ్గరికి వెళ్లింది. నేను కిందికి వెళ్లేసరికి ఎండలో ఇద్దరాడవాళ్లు, రెండు పెట్టెలు, గుడ్డలో చుట్టిన పెద్ద రొట్టె ఒకటి. అదే సమయానికి సంఘం ప్రెసిడెంటు, ఇంకో మెంబరు నీళ్ల ట్యాంకు గురించి మాట్లాడటానికి అక్కడే ఉన్నారు. పెద్దావిడకి గార్డు కుర్చీ వేయించాను, చల్లటి నీళ్లు ఇప్పించాను.

అపార్టుమెంట్లో బయటివాళ్లు, అందులోనూ విదేశీయులు, ముందుగా రాసి ఇవ్వకుండా దిగకూడదని నోటీసు ఉంది. దాని కింద సంతకం నాదే. పైగా విదేశీయులు ఎవరింట్లో దిగినా ఇరవై నాలుగు గంటల్లో ఆ ఇంటివాళ్లు ప్రభుత్వానికి సి ఫారం పంపాలి. ఇవన్నీ ఫోన్‌లో అనువాదం చేయించి చూపించాను. ఆవిడ చదివి తల ఊపింది. మా అమ్మాయి మిమ్మల్ని అన్ని రోజులు ఇబ్బంది పెట్టినందుకు క్షమించండి, దానికి సిగ్గు లేదు అని కూడా చూపించాను. అది చదివి ఆవిడ నా మొహం వంక చాలాసేపు చూసింది. తర్వాత తన కింది కనురెప్ప వేలితో లాగి చూపిస్తూ ఏదో అడిగింది. మోకాలికి వచ్చి కన్ను చూపిస్తుందేమిటో నాకు అర్థం కాలేదు. ఫోన్ ఏదో అడ్డదిడ్డంగా చెప్పింది. "గుడ్, గుడ్" అన్నాను.

ఆస్పత్రికి దగ్గర్లో మంచి గెస్ట్‌హౌస్ చూసి, నేనే టాక్సీ పిలిచి, పెట్టెలు పెట్టించి పంపాను. రూలు రూలే. రొట్టె నా చేతిలో పెట్టి వెళ్లింది. అంత రొట్టె ఇంట్లో ఎవరు తింటారని గార్డులకి ఇచ్చేశాను. సీత వచ్చాక విషయం విని నాతో రెండు రోజులు మాట్లాడలేదు. నువ్వు కూడా తప్పుగా అనుకోకు.

మావయ్య

*

ఓష్, కిర్గిజ్‌స్తాన్,
2 జూన్ 2025

మావయ్యకి,

నిన్న కొండ దిగాక మీ ఉత్తరం చూశాను. ఫోన్ చేద్దామనుకుని చేతిలోకి తీసుకుని పెట్టేశాను. మీ మీద అరుస్తాననే భయంతో కాదు. తప్పు నాది కాబట్టి.

మావయ్యా, బుఖారాలో దిగిన మూడో రోజు నాకు కామెర్లు వచ్చాయి. కళ్లు పచ్చగా అయిపోయాయి, మంచం మీద లేచి కూర్చోలేకపోయాను. డాక్టరు చూసి, ఈ రోగం ఒంట్లో చేరాక పైకి కనపడటానికి మూడు నాలుగు వారాలు పడుతుంది, ఇక్కడిది కాదు అన్నాడు. అంటే ఢిల్లీలో తాగిన నీళ్లే. రోగం మన ఊరిది, సేవ వాళ్లది. ఓపా తన మంచం నాకిచ్చి తను నేల మీద పరుపు వేసుకుంది, ఆ మోకాళ్లతో. వాంతులు ఎత్తిపోసింది. నా బట్టలు వేరేగా ఉడకబెట్టి ఉతికింది. నవ్రూజ్ పండక్కి, అంటే వాళ్ల ఉగాదికి, వీధి వీధంతా ఒకచోట చేరి వండుకుంటే, ఆవిడ వెళ్లలేదు, నా పక్కన కూర్చుని చెంచాతో సూపు తాగించింది. రోజూ పొద్దున్నే కిటికీ దగ్గరికి నా మొహం తిప్పి, కింది రెప్ప లాగి పచ్చదనం తగ్గిందా అని చూసేది. మీ గేటు దగ్గర అడిగింది అదే. అమ్మాయి కళ్లు తెల్లబడ్డాయా అని.

ఇంకొకటి కూడా చెప్పాలి. వాళ్ల దేశంలోనూ విదేశీయులు ఇంట్లో ఉంటే ఆఫీసుకు వెళ్లి నమోదు చేయించాలి, మీ సి ఫారంలాంటిదే. దానికోసం ఆవిడ మూడుసార్లు వెళ్లి వరసలో నిలబడింది. నాకు ఆ సంగతి ఆవిడ చెల్లెలు చెప్తే తెలిసింది.

మీకు ఎందుకు చెప్పలేదంటే, "నేను ముందే చెప్పానా" అని మీరు అనకూడదని. "నీళ్లు కాచుకుని తాగు" అని మీరు రాసిన ఉత్తరం మంచం మీదే చదివాను. నా పంతం కోసం, ఆవిడ చేసినదాన్నంతా "ఊరికే తిని పడుకున్నాను" అనే వేళాకోళం కింద రాసేశాను. ఆ వాక్యం రాసిన చేతిని చూసుకుంటే నాకు అసహ్యం వేస్తోంది. మీది కాని మాట మీ నోట పెట్టి, నాది కాని ఇంటిని నా ఇల్లని చెప్పి ఒక మనిషిని మీ గేటు దాకా పంపాను. దానికి ఇప్పుడు మిమ్మల్ని అనడానికి నాకు ఏం హక్కుంది?

ఓపా ఇరవై రెండున ఆపరేషన్ చేయించుకుంది. తనే మెసేజ్ పెట్టింది. మీ గురించి ఏం రాసిందో తెలుసా? "మీ మావయ్య మంచి మనిషి. ఎండగా ఉందని కుర్చీ వేశారు, నీళ్లు ఇచ్చారు." అంతే. ఇంకేమీ లేదు. అది చదివి హాస్టల్లో అందరి ముందూ ఏడ్చాను.

ఏడో తారీఖు దాకా ఢిల్లీలోనే ఉంటుంది. ఏం చేయమంటానో నాకే తెలియదు.

శరణ్య

*

ఇందిరాపురం,
9 జూన్ 2025

అమ్మా శరణ్యా,

ఈ ఉత్తరం నాలుగు కాగితాలు చింపాక రాస్తున్నది. నువ్వు తప్పు నాదన్నావు. కాదమ్మా. నీ అబద్ధం నీ పంతానికి. నాది నా పరువుకి. రెండూ ఒకటి కాదు.

రూలు రూలే అని రాశాను. ఆ ఫారం నాకు కంఠతా వచ్చు. సంఘంలో ఎవరికి అవసరమైనా నేనే కూర్చోబెట్టి నింపిస్తాను, పదిహేను నిమిషాల పని. నోటీసు పెట్టింది నేను, సడలించగలిగేదీ నేనే. ఆ రోజు గేటు దగ్గర ప్రెసిడెంటు, "ఎవరండీ వీళ్లు?" అని అడిగాడు. మా శరణ్య వీళ్లింట్లో ఉండి వచ్చింది అంటే, డిప్యుటేషన్ మీద వెళ్లిన పిల్ల వీళ్లింట్లో ఎందుకుందని అడుగుతాడు. "ఎవరో తప్పుడు అడ్రస్‌కి వచ్చారు" అన్నాను. అవును, అలాగే అన్నాను. ఆవిడ నా పేరు రాసిన కాగితం చేత్తో పట్టుకుని నా ఎదురుగా కూర్చుని ఉండగానే అన్నాను. భాష తెలియకపోవచ్చు, మనిషి మొహం చదవడం ముప్పై ఏళ్లు బళ్లో పాఠం చెప్పినావిడకి తెలియదా? అందుకే అంతసేపు చూసింది. ఈ ముక్క ఇప్పటిదాకా సీతకి కూడా చెప్పలేదు.

నీ ఉత్తరం అందిన మర్నాడు మేమిద్దరం గెస్ట్‌హౌస్‌కి వెళ్లాం. గది తలుపు తీసి ఉంది. ఆవిడ వాకర్ పట్టుకుని నడక ప్రాక్టీసు చేస్తోంది. నన్ను చూసి ఆగి, గుండెల మీద చెయ్యి పెట్టుకుని తల వంచింది. ఫోన్‌లో అన్నీ రాసుకుని వెళ్లాను, కామెర్ల సంగతి తెలియదని, నేను ఆడిన అబద్ధం ఇదని, గేటు దగ్గర అన్న మాట ఇదని. ఫోన్ అందించాను. చదివింది. చదువుతున్నంతసేపూ నేను ఆ గదిలో ఉన్న బల్లని, గోడని, కిటికీకి కట్టిన ఏసీని చూస్తూ నిలబడ్డాను.

చదివి ఫోన్ పక్కన పెట్టింది. ఉన్న ఒక్క కుర్చీ సీతకి చూపించింది. నన్ను తన మంచం మీద కూర్చోమంది. చెల్లెలు కెటిల్ పెట్టబోతే వద్దని, తనే వాకర్ వదిలి బల్ల పట్టుకుని, చిన్న గిన్నెల్లో టీ పోసి, గుండె మీద ఒక చెయ్యి ఉంచి రెండో చేత్తో అందించింది. ఎండు ఖర్జూరాలు, ఏవో పప్పులు ముందు పెట్టింది. నా ఊళ్లో, అద్దె గదిలో, ఆపరేషన్ కాలు మీద నిలబడి ఆవిడ నాకు అతిథి మర్యాద చేసింది. వద్దనే అర్హత కూడా నాకు లేదు, తాగాను.

"మా ఇంటికి రండి, ఈ నాలుగు రోజులైనా" అని సీత బతిమాలింది. కారు తెచ్చాను, నీ గది సర్దాం, ఫారం కూడా నింపి ఉంచాను. ఆవిడ నవ్వి, కాలు కదిపితే నొప్పి, శనివారం విమానం, ఇంక అంత అవసరం లేదు అంది. కోపంతో అన్నట్టు లేదు. కోపంతో అంటే నేను కాస్త ఊపిరి పీల్చుకునేవాణ్ణి. సీత చేతులు పట్టుకుని నీ ఫొటో చూపించమంది. పెద్దది చేసి నీ కళ్లే చూసింది.

శనివారం ఎయిర్‌పోర్టుకి నేనే తీసుకెళ్లాను. చక్రాల కుర్చీ నేనే తోశాను. లోపలికి తీసుకెళ్లే మనిషి వచ్చి కుర్చీ అందుకుంటే, ఆవిడ నా చేతి మీద తట్టి ఒక కాగితం ఇచ్చింది. బుఖారా అడ్రస్. ఫోన్‌లో ఇంకో ముక్క చూపించింది. "సెప్టెంబరులో ద్రాక్ష వస్తుంది. మీరిద్దరూ రండి."

నిన్న ఆదివారం సంఘం మీటింగు. నోటీసు తీసేయమన్నాను, ఎందుకో చెప్పాను. డిప్యుటేషన్ లేదు, మా పిల్ల ఉద్యోగం మానేసి తిరుగుతోంది, రోగం వస్తే ఆ తల్లి చూసింది, ఆవిడ్ని నేను మీ ఎదురుగానే గేటు నుంచి తరిమాను అన్నాను. ప్రెసిడెంటు "అరే ఛోడియే సర్, హోతా హై" అన్నాడు, ఇవన్నీ మామూలే వదిలేయండన్నట్టు. అంత తేలిగ్గా అనేసరికి ఇంకా సిగ్గేసింది. అశోకా రోడ్డులో గోవిందరాజులుకి కూడా చెప్పాను. అతను తినడం ఆపి, "అంటే వచ్చినావిడకి భోజనం కూడా పెట్టలేదాండీ?" అన్నాడు. మా హాల్లో చాపల మీద పడుకుని ఎయిమ్స్‌లో వైద్యం చేయించుకున్నవాళ్లలో అతని తమ్ముడు కూడా ఒకడు.

సీత సెప్టెంబరుకి వీసా ఫారాలు తెరిచి కూర్చుంది. ఏ రైలు, ఎక్కడ దిగాలి, ఏం పట్టుకెళ్లాలి అన్నీ నిన్ను అడిగి రాయించుకోమంటోంది. రాయి. పెద్దవాళ్లం, కింది బెర్తులే చూడు. నువ్వు కూడా అప్పటికి అటు రాగలిగితే రా, ఆవిడకి నీ కళ్లు చూపించాలి.

నేను మాత్రం నా ఫారం ఇంకా నింపలేదు తల్లీ. ఆవిడ గేటు దగ్గరే ఆపుతుందని కాదు. ఆపదు. వాకర్ పక్కన పెట్టి తనే వచ్చి తలుపు తీస్తుంది, లోపలికి రమ్మంటుంది, నీకిచ్చిన ఆ మంచమే నాకూ ఇస్తుంది. దాని మీద నేను ఎలా పడుకోను?

మీ మావయ్య,
హేమసుందర్